టార్నీట్ పెరటి పటం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కాస్త పెంచి చెబుతాను. ఈ "కాస్త" అన్న మాట మా ఆవిడ చెవిన పడితే పడీ పడీ నవ్వుతుంది. ఎవరింట్లోనో భోజనాల దగ్గర నేను "వంద మంది వచ్చారండీ ఆ రోజు" అంటుంటే వంటింట్లోంచి "పన్నెండు" అని వినిపిస్తుంది. "ఆ పాము నా చెయ్యంత లావుంది" అంటే "తోకే కనిపించింది, అది కూడా తోటకి నీళ్లు పెట్టే పైపేమో" అని వస్తుంది. ధాన్యం కాటా దగ్గర తరుగు తీసినట్టు ఆవిడ నా మాటల్లో తరుగు తీసి వినడం అలవాటు చేసుకుంది. మీరూ అలాగే తరుగు తీసి చదువుకోండి. సాగదీసింది ఎలాగూ ఉంటుంది. పూర్తిగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్పేస్తాను. అందాకా మీరే ఓపిక పట్టాలి. ఈ వ్యవహారంలో నా ఓపిక ఎప్పుడో అడుగంటింది.

మేముండేది మెల్‌బోర్న్‌కి పడమటి కొసన, టార్నీట్‌లో. మా ఎస్టేట్‌కి, అంటే మా ఇళ్ల కాలనీకి, ఇక్కడి మునిసిపల్ కౌన్సిల్ వాళ్లు కొత్తగా కమ్యూనిటీ హాలు కట్టారు. దాని ముందు గదిలో ఒక ఖాళీ గోడ. విమానం దిగడానికి సరిపోయే గోడ. దాని మీద స్థానికులు తమ ఊరి చిత్రం ఏదైనా ఇస్తే పెడతామని, ప్రారంభోత్సవం నాటికి ఏదీ రాకపోతే హాలుకి సామాన్లు సరఫరా చేసేవాళ్ల దగ్గరున్న ఫొటో పెట్టేస్తామని కబురు పెట్టారు. ఆ ఫొటో ఏమిటో కూడా చూపించారు. సాయంత్రం వేళ మెల్‌బోర్న్ సిటీ, నది, నదిలో ఆకాశహర్మ్యాల దీపాలు.

అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సిటీకీ మాకూ ఉన్న చుట్టరికం ఏమిటి? పొద్దున్నే నిద్రకళ్లతో రైలెక్కి అక్కడ దిగడం, సాయంత్రం నిద్రకళ్లతో ఇక్కడ దిగడం. ఆకాశం తేటగా ఉన్న రోజున మా పేట చివర నిలబడితే ఆ మేడలన్నీ దూరంగా చిన్నపిల్లాడి పాలపళ్లలా కనిపిస్తాయి. అయినా బంధువులు ఫోన్ చేసి "ఎక్కడుంటున్నార్రా?" అంటే అందరం "మెల్‌బోర్న్" అంటాం. టార్నీట్ అన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు. నేనే అనలేదు. పిల్లలు ఇక్కడ పుట్టి, ఇక్కడే బడికి వెళ్లి, ఇక్కడే మోకాళ్లు పగలగొట్టుకున్నారు. ఊరికి మాత్రం చూపించుకోవడానికి ఒక మొహం లేదు. ఉన్న ఒక్క గోడ మీదా ఇంకో ఊరి మొహం వేలాడదీస్తారా? ఆ గోడ మీద మా ఊరే ఉండాలి. నా కోరిక అంతే. ఇంత చిన్న కోరిక ఇంత కాల్చుకు తింటుందని అప్పుడు తెలియదు.

ఆ గోడకి ఏం పెట్టాలో మాత్రం నాకు ముందే తెలుసు. మా పక్కింటి పెద్దాయన పుణ్యమా అని.

పెద్దాయన డచ్చివాడు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో ఓడెక్కి వచ్చి, ఇక్కడి హైస్కూల్లో టెక్నికల్ డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాడు. మా వీధిలో మనవాళ్లందరికీ ఆయన డచ్ అంకులే. ఆయన పుట్టిన ఊరి పేరు పలకాలంటే గొంతులో చేపముల్లు గుచ్చుకోవాలి, అందుకని నేను పలకను. ఆయనింటి నడవా పొడుగునా ఆ ఊరి బొమ్మలే. రాగిరేకు మీద చెక్కి, సిరా పులిమి, కాగితం మీద అచ్చు వేసిన పాతకాలపు పటాలు. అన్నీ అడ్డంగా పొడుగ్గా ఉంటాయి. కింద నది, నదిలో ఓడలు, మధ్యలో బారుగా ఊరు, ఊరి మీద చర్చి గోపురాలు, పైన మబ్బుల్లో ఊరి ముద్ర, ఊరి పేరు రాసిన రిబ్బను. ఒక్కో గోపురం నెత్తిన ఒక్కో అంకె. ఏ అంకె ఏ కట్టడమో అడుగున రాసి ఉంటుంది.

"ఈ గోపురం నిజంగా ఇంత ఎత్తుంటుందా అంకుల్?" అని మొదటిసారి చూసినప్పుడు అడిగాను.

"ఇందులో సగం," అన్నాడాయన, కాఫీ కలుపుకుంటూ.

"మరి ఇలా ఎందుకు గీశారు?"

"ఊళ్లోవాళ్లు కొనుక్కోవాలి కదా మేట్. పొట్టి గోపురాన్ని ఎవడు గోడకి తగిలించుకుంటాడు?"

"ఈ పక్కన ఉన్నది?"

"అది కట్టనే లేదు. కడదామనుకున్నారు. ఎప్పటికీ కాలేదు. బొమ్మలో మాత్రం అయిపోయింది."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట, సముద్రాల అవతల, నా బాపతు మనుషులు! నన్నేమో ఇంట్లో అబద్ధాలకోరంటారు, వాళ్లకేమో ఊరి పెద్దలు ఎదురొచ్చి పని అప్పజెప్పేవారట. ఆ రోజుల్లో అక్కడ ఊళ్లు ఎవరికి వారే రాజులన్నంత దర్జాగా ఉండేవని అంకుల్ చెప్పాడు. ఊరి సభ జరిగే హాల్లో ఇలాంటి పటం వేలాడేది. వ్యాపారస్తులు తమ ముందు గదిలో పెట్టుకునేవారు. వచ్చినవాడికి కాఫీ కంటే ముందు ఊరు చూపించేవారన్నమాట. "ఇదీ మేం" అనుకోవడానికి వాళ్లకో కాగితం ఉంది.

మాకూ ఒకటి కావాలి. అంకుల్‌ని బతిమాలాను. "నువ్వు గియ్యి, నేను దిద్దుతాను," అన్నాడు. అలా మొదలైంది మా దరిద్రం.

మొదటి చిక్కు ఎక్కడ నిలబడి గీయాలన్నది. డచ్చివాళ్లకి నది ఉంది, అవతలి ఒడ్డున కూర్చుని గీసుకున్నారు. మాకున్నది ఒక వాగు. అందులో నీళ్ల కంటే బాతులెక్కువ. ఊరంతా దోశెపెనంలా చదును. తూర్పు నుంచి చూస్తే షాపింగ్ సెంటర్ కార్ పార్కు, ట్రాలీలు. ఉత్తరం నుంచి చూస్తే స్టేషన్ గోడ. దక్షిణం నుంచి ఇంకో ఎస్టేట్, అచ్చం మాలాంటిదే, పొరపాటున అదే గీసేసే ప్రమాదం. మిగిలింది పడమర. అక్కడ ఇంకా ప్లాట్లు పడని బీడు ఉంది, నడుం ఎత్తు ముళ్లగడ్డితో. ఒక శనివారం పొద్దున్న మడత కుర్చీలు, ఫ్లాస్కు పట్టుకుని అక్కడికి పోయాం. వెనక్కి తిరిగి చూస్తే ఊరు మొత్తం బారుగా, నిజంగానే ఆ పటాల్లోలాగా కనిపించింది.

వీపులు కనిపించాయి.

ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క వాకిలి లేదు. అన్నీ పెరళ్లే. బూడిదరంగు రేకు ఫెన్సింగు, దాని మీంచి తొంగిచూసే బట్టల తీగలు, షెడ్ల కింద గ్యాస్ పొయ్యిలు, దుప్పట్లు కప్పిన కరివేపాకు కుండీలు.

"ముందు వైపులన్నీ ఏవి?" అన్నాడు అంకుల్.

ఏం చెప్పను? ప్లాట్లు అమ్మిన రోజుల్లో మనవాళ్లు ఆఫీసు తలుపు తీయకముందే వెళ్లి వరసలో నిలబడింది తూర్పు వాకిలి కోసం. ఆ చివరి వీధిలో ఈ వరస ఇళ్లన్నిటికీ తూర్పు వాకిలి. అందుకే అంకుల్ ఇల్లు తప్ప వరస మొత్తం మనవాళ్లే కొన్నారు, నాతో సహా. వాకిళ్లు తూర్పుకి ఉంటే పెరళ్లు పడమటికి కాక ఎటు పోతాయి? తనను చూడటానికి వీలైన ఒకే ఒక్క చోటుకి ఇంత ఏకగ్రీవంగా వీపు తిప్పిన ఊరు భూమ్మీద ఇంకోటి ఉండదు.

వాస్తు గురించి అంకుల్‌కి చెప్పాను. ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా ఆలోచించాడు. "మా వాళ్లు వరదకి భయపడి ఊళ్లు కట్టుకున్నారు. మీరు దిక్కులకి భయపడ్డారు. సరే, గియ్యి," అన్నాడు.

గీశాను. సెలవు రోజులన్నీ పోశాను. బట్టల తీగల మీది చీరలు గాలికి పొంగితే వాటిని తెరచాపలు చేశాను. ఓడలు లేని లోటు తీరింది. రేకు ఫెన్సింగుని కోటగోడ చేశాను. చెత్తడబ్బాలు కాపలా భటులయ్యాయి, ఎర్రమూత ఒకడికి, పసుప్పచ్చ మూత ఒకడికి. పొయ్యిల మీంచి లేచే సాంబారు ఆవిరి మబ్బుల్ని తాకింది. సెల్ టవరూ, కరెంటు స్తంభాలూ గోపురాలు. వాటన్నిటినీ మించి, మా పెరట్లోని మునగచెట్టు, మొదటి అంకెతో. పైన ఊరి ముద్ర: చెత్తడబ్బా మీద నిలబడి ముక్కు సాచిన మ్యాగ్‌పై అనే నలుపుతెలుపు పిట్ట. గూడు కట్టే వసంతకాలంలో దానితో తన్నించుకోని తల మా ఊళ్లో లేదు. అన్నిటి మీదా రిబ్బను, రిబ్బన్లో టార్నీట్. అంకుల్ దిద్దాడు, గీతల మీద సిరా పెట్టాడు. ప్రింటు షాపులో కాపీలు తీయించాను. నా బతుకులో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అదేననిపించింది. మా ఆవిడ కూడా చాలాసేపు చూసింది. "మునగచెట్టు..." అని ఏదో అనబోయి ఆగిపోయింది.

హాలువాళ్లకి ఏది ఇవ్వాలన్నా ముందు మా రెసిడెంట్స్ కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ప్రెసిడెంటు రియల్ ఎస్టేట్ ఏజెంటు, వరంగల్ వైపు మనిషి. మీటింగు ఆయన గరాజ్‌లో. సగం ఊరు వచ్చింది, సమోసాలు ఉంటాయని. నేను పటం విప్పి బల్ల మీద పరిచాను. అందరూ వంగి చూశారు.

"అన్నా, గిదేంది?" అన్నాడు ప్రెసిడెంటు. "ఇండ్ల ఎనక దిక్కు గీసినవ్?"

"ఊరు కనిపించేది అటునుంచేనండీ."

"కనవడితే గీసుడేనా? ఫ్రంట్ ఎలివేషన్‌కు మనోళ్లు ఎంత తన్లాడిన్రు! రాళ్లు అతికిచ్చిన్రు, డబుల్ డోర్ వెట్టిన్రు, దాని మీద లక్ష్మీదేవిని చెక్కిచ్చిన్రు. నువ్వేమో బట్టలారేసుడు గీస్తివి!"

"అన్నయ్యగారూ," అందొకావిడ, బొమ్మ మీద వేలు పెట్టి. "మూడో ఇంటి తీగ మీద ఉన్నది నా నైటీయేనా?"

"అది నైటీ కాదమ్మా, ఓడ తెరచాప లాగా..."

"నా నైటీ ఓడ తెరచాపలా ఉందా?"

ఆ ప్రశ్నకి క్షేమంగా జవాబు చెప్పగల మగాడు ఇంకా పుట్టలేదు.

"బ్రో, మా పొయ్యి తీసెయ్ ప్లీజ్," అని ఇంకొకడు చెవి దగ్గర గుసగుస. "ఆ షెడ్డుకి పర్మిషన్ తీసుకోలా. కౌన్సిలోళ్లు ఆ హాలుకే కదా వచ్చేది."

"మా ఇల్లు డబుల్ స్టోరీ. పక్కింటోళ్ల కంటే పొట్టిగా కనపడుతోందేంటి?" అని మరొకరు.

పొట్టిదాన్ని పొడుగు చేయడం నాకు పెద్ద పనా? అక్కడికక్కడే పెన్సిల్ తీసి చేశాను. పక్కింటాయన చూసి తనదీ పెంచమన్నాడు. పెంచాను. మీటింగు అయ్యేసరికి మా ఒకటీ రెండంతస్తుల వీధి హైదరాబాద్ హైటెక్ సిటీని దాటింది. అయినా గొడవ వీపుల దగ్గరే ఆగింది.

ప్రెసిడెంటుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "డచ్చోళ్లు గోపురాలు పెంచిన్రంటివి గదన్నా. లేనియి కూడా గీసిన్రంటివి. గట్లనే ఇండ్లన్నీ గిటు తిప్పు. ముంగట దిక్కు కనవడాలె. ఖతం!"

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. లేచి నిలబడ్డాను. "చూడండి, పెంచమంటే ఆకాశం దాకా పెంచుతాను. తిప్పమంటే తిప్పను. సాగదీయడం వేరు, అబద్ధం వేరు. ఇది మన ఊరి పటం. ఉన్నదాన్ని గొప్పగా చూపిద్దాం. లేనిదాన్ని చూపించకూడదు."

మా ఆవిడ మూల కుర్చీలోంచి నన్ను అదోలా చూసింది. నేను చూపు తిప్పుకుని, ఆఖరి అస్త్రం వదిలాను. "పైగా, చూసేవాడు పడమర ఉన్నాడు. ఇళ్లని వాడి వైపు తిప్పితే అన్నీ పడమటి వాకిళ్లైపోతాయి."

గరాజ్‌లో పిడుగు పడింది. ప్రెసిడెంటు చేతిలోని టీ బల్ల మీద పెట్టేసి లేచాడు.

"వెస్ట్ ఫేసింగా?"

"అవును."

"ఊరు ఊరంతానా?"

"గోడంత పెద్దగా. అందరూ చూసేలాగా."

"వద్దన్నా, వద్దు! రీసేల్ ఏం గావాలె!"

అక్కడ ఇరుక్కుపోయాం. వీపు చూపిస్తే పరువు పోతుంది, మొహం చూపిస్తే దిక్కు మారుతుంది. డ్రోన్‌తో పైనుంచి తీద్దామన్నారు. తీస్తే ఒకటే రంగు కప్పులు, ఎవరిల్లు ఏదో ఎవరికీ తెలియలేదు. వెనక సూర్యుడు ఉదయిస్తున్నట్టు గీస్తే చూసేవాళ్లకి దిక్కు అర్థమవుతుంది కదా అన్నారు. గీశాను. అది అస్తమయంలా ఉంది, అశుభం అన్నారు. చీరలు తీసి జెండాలు పెట్టమన్నారు. ఏ జెండా అనే దాని మీద ఇంకో మీటింగు. ఒక సబ్ కమిటీ వేశారు. సబ్ కమిటీ ఇంతవరకు కలవలేదు. అంకుల్ పెన్ను మూత పెట్టేసి, "మా ఊరివాళ్లు గోపురాల గురించే పోట్లాడుకునేవారు, పాపం అమాయకులు," అని ఇంటికెళ్లిపోయాడు.

ప్రారంభోత్సవం వచ్చింది. గోడ మీద సిటీ ఫొటో వెలిగిపోతోంది. మా వాళ్లందరూ పట్టుచీరలూ కోట్లూ వేసుకుని వచ్చి, దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. "మన సిటీ ఎంత బాగుందో!" అని నైటీ ఆవిడే అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. డచ్ అంకుల్ కేకు ప్లేటుతో నా పక్కకి వచ్చాడు.

"ఇది మీ ఊరా?"

"కాదు."

"మరి మీ ఊరు ఎక్కడుంది?"

"గరాజ్‌లో. చుట్టచుట్టి, లాన్ మూవర్ వెనకాల."

ఆయన నవ్వలేదు. నాకు అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఇక ఆ పటం జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాక ఒకనాడు ప్రెసిడెంటు మా గుమ్మంలో నిలబడ్డాడు. సూటు, టై, సెంటు. "అన్నా, గా ఎనక దిక్కు బొమ్మ ఒకటి ఇయ్యవా? నా ఆఫీసుల పెట్టుకుంట."

మనిషిలో మార్పు వచ్చిందనుకున్నాను. సంబరంగా ఇచ్చాను. వారం తర్వాత అటు వెళితే చూశాను. ఆయన కుర్చీ వెనక, బంగారు ఫ్రేములో, లైటు కింద మా ఊరు. ఎదురుగా కొత్తగా పెళ్లైనట్టున్న ఒక జంట. ప్రెసిడెంటు పెన్నుతో బొమ్మ మీద కొట్టి చూపిస్తున్నాడు.

"సూడున్రి, ఎనకలన్నీ పడమటికున్నయి. అంటే ముంగటలన్నీ ఏ దిక్కు?"

"తూర్పు!" అంది ఆ జంట, బళ్లో ఎక్కం అప్పజెప్పినట్టు.

"నేను చెప్పుడు గాదు, పటమే చెప్తాంది. ఆ వరుసల ఒకటి ఖాళీ అయితాంది. గా చెట్టు చూసిన్రా, నంబర్ వన్? మునగ! గీ చలిల గంత పెరిగిందంటే మట్టి ఎట్లుందో మీరే చూస్కోన్రి."

ఊరి సభ కోసం గీసింది అమ్మకం కాగితమైంది. నాకు ప్రెసిడెంటు టై పట్టుకుని ఊపాలనిపించింది. కానీ ఆ అమ్మాయి లేచి, బొమ్మకి దగ్గరగా వెళ్లి, బట్టల తీగల్ని ఒక్కొక్కటే చూసింది. మొగుడి వైపు తిరిగి, "మన ఫ్లాట్‌లో అన్నీ డ్రయ్యర్‌లోనే కదా. ఇక్కడ ఎండలో ఆరేసుకోవచ్చు," అంది. హాలు గోడ ముందు ఎవరూ అలా నిలబడలేదు. నేను టై సంగతి వదిలేసి బయటికి వచ్చేశాను.

వాళ్లు కొనేశారు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల. గృహప్రవేశం అయిన శనివారం ఆ అమ్మాయి స్టీలు డబ్బాలో బూరెలు తెచ్చింది. మా ఆవిడ తలుపు తీసింది.

"ఆంటీ, ఏమనుకోకపోతే ఒకటి అడగనా? సాంబారులోకి నాలుగు మునక్కాయలు... మీ చెట్టువి. ఆ బొమ్మ చూసినప్పట్నుంచీ మా ఆయన అదే గొడవ."

మా ఆవిడ నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఆ చూపుకి తరుగు తీసినా చాలా మిగులుతుంది.

"కూర్చోమ్మా," అంది. "మా ఆయన ఇప్పుడే కోసుకొస్తారు."

నేను పెరటి గేటు తీసుకుని, సందులోంచి పరుగు పెట్టి, ఇండియన్ షాపుకి వెళ్లి ఒక కట్ట కొన్నాను. రబ్బరు బ్యాండు తీసేసి, కాస్త మట్టి పూసి, పెరట్లోంచి లోపలికి వచ్చాను. ఆ పిల్ల వాసన చూసి, "చెట్టు కాయ దారే వేరు ఆంటీ," అంది. వచ్చే వారం మునగాకు కోసం వస్తానంది.

ఇక ఇచ్చిన మాట ప్రకారం. నైటీ గొడవ నిజం. పడమటి వాకిలి నిజం. సబ్ కమిటీ మరీ నిజం. ఇళ్ల ఎత్తులు సాగదీశాను, గోడ సాగదీశాను, నా పౌరుషం కూడా సాగదీశాను. కల్పించింది ఒక్కటే, మునగచెట్టు. మా పెరట్లో అది లేదు. చాలాసార్లు నాటాం, ప్రతిసారీ ఇక్కడి జూలై నెల చలికాలానికి చచ్చింది. ఆఖరిదాని పుల్ల ఇంకా నిలబడే ఉంది, నా పాత స్వెట్టరు కప్పుకుని. ఆ సంగతి మా ఆవిడకి తెలుసు. డచ్ అంకుల్‌కీ తెలుసు, ఆయన వంటింటి కిటికీ మా పెరట్లోకే. నేను చెట్టు గీస్తున్నప్పుడు ఆయన నా పెన్సిల్ వైపు ఓసారి చూసి, దాని నెత్తిన ఒకటి అంకె వేశాడు.

ఇవాళ పొద్దున్న మళ్లీ గుంట తవ్వాను. నడుం లోతు తవ్వాను. కిటికీలోంచి మా ఆవిడ "జానెడు" అంటోంది.